అరచెయ్యి నల్లబడితేనే గుంటగలగర

మన తిరుపతిలో ఓ తమాషా ఉంది. రోజూ వేలమంది ఎక్కడెక్కడి నుంచో వచ్చి, కొండమీద కల్యాణకట్టలో కూర్చుని, తలనీలాలు స్వామికి సమర్పించి నవ్వుతూ గుండుతో దిగిపోతారు. కింద ఊళ్ళో ఉన్న మనమేమో పొద్దున్నే దువ్వెనలో చిక్కిన వెంట్రుకలు లెక్కపెట్టుకుంటూ దిగులుపడతాం!

పోయిన వారం పుదీనా గురించి రాశానా, ఆ తర్వాత నన్ను అడిగినవాళ్ళలో సగం మందిది ఒకటే ప్రశ్న. "జుట్టు రాలకుండా ఇంట్లో ఏ మొక్క పెంచుకోవాలి?" అడిగినవాళ్ళంతా 20, 22 ఏళ్ళ పిల్లలే. హాస్టల్ నీళ్ళని తిట్టుకుంటున్నవాళ్ళు కొందరు, రీల్స్ చూసి ఆకులు వెతుక్కుంటున్నవాళ్ళు కొందరు.

అందుకే ఈ వారం మొక్క గుంటగలగర. సంస్కృతంలో భృంగరాజ. షాంపూ సీసాల మీద, నూనె డబ్బాల మీద పెద్దక్షరాలతో కనిపించే 'భృంగరాజ్' ఇదే. తిరుపతి చుట్టుపక్కల కొందరు గుంటగరగరాకు అంటారు. నగరి, పుత్తూరు వైపు తమిళం మాట్లాడే ఇళ్ళల్లో కరిసలాంకణ్ణి అంటారు. డబ్బా మీద పేరు అందరికీ తెలుసు. మొక్కని చూపించమంటేనే నూటికి తొంభై మంది తెల్లమొహం వేస్తాం. మరి గుర్తుపట్టడం రాకుండా పెంచేదెట్లా? కాబట్టి ముందు గుర్తుపట్టడం, ఆ తర్వాతే కుండీ.

గుర్తుపట్టకపోతే ఏమవుతుంది?

మా చిన్నమ్మ కూతురు ఇక్కడే ఓ హాస్టల్లో ఉండి చదువుకుంటోంది. ఫోన్లో ఓ వీడియో చూసి, తనూ రూమ్మేట్లూ కలిసి హాస్టల్ వెనక ఖాళీ స్థలంలో చిన్న చిన్న తెల్లపూలున్న మొక్కని సంచీడు కోసుకొచ్చారు. మిక్సీలో వేసి, తలకి పట్టించి, గంట కూర్చున్నారు. ఇద్దరికేమీ కాలేదు. మా పిల్లకి మాత్రం మర్నాటికి నుదురు, చెవుల వెనక, మెడ అంతా ఎర్రగా దద్దుర్లు లేచాయి. దానికి ముందునుంచే దుమ్ము పడదు, పొద్దున్నే తుమ్ములు. చర్మం డాక్టరు దగ్గరికి పరిగెత్తాల్సొచ్చింది. మిగిలిన మొక్కని కవర్లో తీసుకొస్తే చూశాను. అది గుంటగలగర కాదు, వయ్యారిభామ!

వయ్యారిభామ అంటే పార్థీనియం. కొందరు కాంగ్రెస్ గడ్డి అంటారు. అమెరికా ఖండం నుంచి వచ్చిన కలుపు ఇది. మన దేశంలో 1950ల మధ్యలో పుణేలో దీన్ని గుర్తించారు. ఇప్పుడు అది లేని ఖాళీ స్థలం లేదు. పడనివాళ్ళకి దీన్ని ముట్టుకుంటే దురద, దద్దుర్లు వస్తాయి. పుప్పొడి పీలిస్తే తుమ్ములు, ఆయాసం వస్తాయి. అట్లాంటిదాన్ని రుబ్బి తలకి రాసుకుంటే ఎట్లా ఉంటుందో ఊహించుకోండి.

తప్పు ఆ పిల్లలది అనను. వీడియోలో ఆయన "తెల్లపూల మొక్క, రోడ్డు పక్కన దొరుకుతుంది" అని చెప్పి వదిలేశాడు. తెల్లపూలు, రోడ్డు పక్క అంటే మన ఊళ్ళో అరడజను మొక్కలు ఆ లెక్కలోకి వస్తాయి.

ఇది చామంతి చుట్టమే

గుంటగలగర చామంతి కుటుంబం మొక్క. బంతి, చామంతి, పొద్దుతిరుగుడు, మన గుంటగలగర, ఆ పాడు వయ్యారిభామ, అన్నీ ఒకే ఇంటివాళ్ళు. ప్రపంచంలో ఈ కుటుంబంలో 30 వేలకు పైగా జాతులున్నాయి. అందుకే ఒకదాన్ని చూసి ఇంకోటి అనుకోవడం చాలా తేలిక.

ఈ కుటుంబానికో గుర్తు ఉంది. మనం ఒక పువ్వు అనుకునేది నిజానికి ఒక పువ్వు కాదు, చిన్న చిన్న పూల గుంపు. పలమనేరు, కుప్పం వైపు తోటల నుంచి వచ్చే చామంతిని ఒకటి విప్పి చూడండి. ఒక్కో రేకు అడుగున ఒక్కో బుల్లి పువ్వు ఉంటుంది. గుంటగలగర పువ్వూ అంతే. కాకపోతే ఆ మొత్తం గుంపు కలిసినా చొక్కా గుండీ అంత కూడా ఉండదు. ఫోన్లో మాక్రో మోడ్ ఉంటే పెట్టి చూడండి, బుజ్జి పొద్దుతిరుగుడు పువ్వుకి తెల్ల పెయింట్ వేసినట్టు ఉంటుంది.

ఆరు గుర్తులు

ఒక్క గుర్తుతో నిర్ణయానికి రాకండి. ఆరూ కలవాలి.

ఒకటి, చోటు. పేరులోనే 'గుంట' ఉంది చూడండి. తడి అంటే దీనికి ప్రాణం. వరి కయ్యల గట్లు, చెరువు అంచులు, బోరు పక్కన నీళ్ళు కారే చోటు, కాలవ ఒడ్డు. ఎండిపోయిన రాళ్ళ నేలలో ఠీవిగా నిలబడిందంటే అది వేరే ఏదో.

రెండు, ఆకు. ఆకులు జంటగా, ఎదురెదురుగా వస్తాయి. సన్నగా, పొడవుగా, కొస తేలి ఉంటాయి. తొడిమ దాదాపు ఉండదు, ఆకు నేరుగా కాండానికి అంటుకున్నట్టు ఉంటుంది. వేలితో రాసి చూస్తే గరుకు. ఆకు మీదా కాండం మీదా పొట్టి నూగు అణిగి ఉంటుంది. గరగరాకు అనే పేరు అతికినట్టు సరిపోతుంది.

మూడు, కాండం. చాలాసార్లు ఎర్రగానో, లేత ఊదాగానో ఉంటుంది. నేలమీద పాకి, కొసలు పైకి లేస్తాయి. కణుపు తడి నేలకి తగిలితే అక్కడ వేళ్ళు పుట్టేస్తాయి. పెంచేటప్పుడు మనకి ఈ గుణమే పనికొస్తుంది.

నాలుగు, పువ్వు. అంచు తెలుపు, మధ్యలో కూడా తెలుపే. అంచు రేకులు వెంట్రుకల్లా సన్నగా, లెక్కపెట్టలేనన్ని ఉంటాయి. మధ్యలో పసుపు బొట్టు కనిపిస్తే ఇది కాదు.

ఐదు, కాయ. రేకులు రాలాక పచ్చటి బుల్లి గుండీలా మిగులుతుంది, తర్వాత లోపలి గింజలు నల్లబడతాయి. ఆ గింజలకి గాలిలో ఎగరడానికి దూదిలాంటి కుచ్చు ఉండదు. శాస్త్రీయ నామం ఎక్లిప్టా ప్రోస్ట్రాటా కదా, ఆ ఎక్లిప్టా అనే మాట 'లోటు' అనే అర్థమున్న గ్రీకు పదం నుంచి వచ్చింది. లోటు అన్నది ఈ కుచ్చు లేకపోవడాన్నే. లినేయస్ ఈ మొక్కని 1753లో వేరే ప్రజాతిలో పెట్టాడు. 1771లో ఈ పేరు కిందకి మార్చాడు. అంటే ఆయనంతటివాడు కూడా ఒకటికి రెండుసార్లు చూసుకున్నాడన్నమాట. మనం ఇంకోసారి చూడటంలో నామోషీ ఏముంది?

ఆరు, నలుపు. అసలు పరీక్ష ఇదే. నాలుగు ఆకులు తెంపి అరచేతిలో వేసి గట్టిగా నలపండి. ముందు పచ్చటి రసం వస్తుంది. కొన్ని నిమిషాలు ఆగండి. గాలి తగిలేకొద్దీ రసం ముదురుపచ్చ అయ్యి, ఆపైన నల్లబడుతుంది. కాండం విరిచినా విరిగిన చోట అంతే. చేతికి అంటిన మరక ఒక్క కడుగుడుకి పోదు.

ఈ నలుపుతోనే మన పెద్దవాళ్ళు ఎన్నో పనులు చేసుకున్నారు. గుంటగలగర రసంలో తెల్లబట్ట తడిపి ఆరబెట్టి, దాన్ని వత్తి చేసి ఆముదంతో దీపం పెట్టి, ఆ మసిని పట్టి కాటుక చేసేవాళ్ళు. పచ్చబొట్టు పొడిచేవాళ్ళు కూడా ఈ రసం వాడేవాళ్ళు. జుట్టు నల్లబడుతుందనే నమ్మకం కూడా ఇక్కడినుంచే బలపడి ఉంటుందని నాకనిపిస్తుంది.

మోసం చేసే చుట్టాలు

వయ్యారిభామ: ఆకు క్యారెట్ ఆకులా, కొత్తిమీరలా చీలికలు చీలికలుగా ఉంటుంది. మొక్క నిటారుగా నడుము ఎత్తు దాకా పెరుగుతుంది. పూలు ఆవగింజలకి కాస్త పెద్దవి, కొమ్మల కొసల నిండా గుంపులు గుంపులు. చీలిన ఆకు కనిపిస్తే ముట్టుకోకుండా పక్కకి వచ్చెయ్యండి.

గడ్డి చామంతి: గాయపాకు అని కూడా అంటారు. దెబ్బ తగిలితే పిండి పోసే ఆకు ఇదే. పువ్వు పొడవాటి కాడ మీద ఒంటరిగా, తలెత్తి నిలబడుతుంది. మధ్యలో పసుపు గుండ్రం, చుట్టూ విడివిడిగా కాసిని వెడల్పు రేకులు, రేకు కొసన నొక్కులు. ఆకు అంచు రంపంలా ఉంటుంది. ఎండు నేలలో కూడా హాయిగా బతుకుతుంది. గింజలకి దూది కుచ్చు ఉంటుంది, ఊదితే ఎగిరిపోతాయి.

పసుపు గుంటగలగర: ఆకు, పాకే తీరు దగ్గర దగ్గరగా ఉంటాయి కానీ పువ్వు పచ్చగా, పెద్దగా ఉంటుంది. ఇదీ మందు మొక్కే. దీని రసం కూడా నల్లబడుతుంది కాబట్టి నలుపు ఒక్కటే చూసి మోసపోకండి, పువ్వు రంగు కూడా చూడాలి. ఇంకో చిక్కు ఏంటంటే, రోడ్ల డివైడర్ల మీద, అపార్ట్‌మెంట్ల ముందు లాన్ బదులు వేసే పసుపుపూల తీగ ఒకటుంది. దాని ఆకు మూడు పాయలుగా ఉంటుంది. అది అమెరికా నుంచి వచ్చిన అలంకరణ మొక్క, ప్రపంచంలో అతి ప్రమాదకరమైన 100 ఆక్రమణ జాతుల జాబితాలో ఉంది. దాన్ని చూపించి భృంగరాజ్ అనేవాళ్ళున్నారు. నమ్మకండి.

పొన్నగంటి: ఇది చామంతి చుట్టం కాదు, కానీ తడిలోనే పెరుగుతుంది, ఆకులు ఎదురెదురే, పూలు తెల్లవే. తేడా ఏంటంటే ఆకు నున్నగా ఉంటుంది. పూలు కాడ లేకుండా కణుపుల దగ్గర కాగితం ముక్కల్లా అతుక్కుని ఉంటాయి. పొరపాటున ఇది దొరికితే బాధపడకండి, పప్పులో వేసుకోండి!

ఫోన్ ఏం చెప్తుంది, చెయ్యి ఏం చెప్తుంది

మొక్కల్ని గుర్తుపట్టే యాప్‌లు వద్దనను. నేనూ వాడతాను. కానీ నడుస్తూ నడుస్తూ పైనుంచి ఒక్క ఫొటో కొట్టి "ఇదేంటి?" అంటే పాపం అది మాత్రం ఏం చేస్తుంది? ఐదు ఫొటోలు తియ్యండి. మొక్క మొత్తం, పువ్వు పైనుంచి, పువ్వు పక్కనుంచి, ఆకు కాండానికి కలిసే చోటు, ఆకు అడుగు. యాప్ చెప్పిన పేరుని సమాధానం అనుకోకండి, అనుమానం అనుకోండి. ఆ అనుమానాన్ని పైన చెప్పిన ఆరు గుర్తులతో తేల్చుకోండి. ఇంకా తేలకపోతే వృక్షశాస్త్రం చదివే ఫ్రెండ్ ఒక్కరైనా ఉండకపోరు. వేంకటేశ్వర విశ్వవిద్యాలయం, వ్యవసాయ కళాశాల, ఆయుర్వేద కళాశాల మూడూ ఉన్న ఊరు మనది. ఆ పిల్లల్లో ఎవరినైనా టీకి పిలవండి, కుండీలో మొక్క చూపించండి.

రైతుబజారు బయట ఆకుకూరలు పెట్టుకుని కూర్చునే అక్క ఒకామె ఉంది. చంద్రగిరి అవతల పల్లె నుంచి వస్తుంది. పొన్నగంటి, చెంచలాకు పక్కన అప్పుడప్పుడూ ఈ ఆకు కూడా కట్టలు కట్టి తెస్తుంది. ఓ రోజు కావాలనే అడిగా.

"అక్కా, ఇది నిజంగా గుంటగలగరేనా?"

"నమ్మకం లేకపోతే నలిపి చూసుకో నాయనా. ఫోన్లో చూస్తే ఏం తెలస్తాది? చెయ్యి చెప్తాది."

"ఎక్కడ కోశావు?"

"మా కయ్య గట్టున. గడ్డి మందు కొట్టిన కాడ నేను కొయ్యను. మురుగు కాలవ పక్కన ఎంత ఏపుగా ఉన్నా కొయ్యను. అమ్మేది నేనే గానీ, నెత్తికి పూసుకునేది బిడ్డలు గదా."

ఇంత పద్ధతిగా ఏ డబ్బా మీదా రాసి ఉండటం నేను చూడలేదు.

ఆమె చెప్పినదాంట్లో పెద్ద విషయం ఉంది. గుంటగలగర బాగా పెరిగేది తడిలో. మన ఊళ్ళో ఏడాది పొడుగునా తడి ఉండేది ఎక్కడ? మురుగు కాలవల పక్కన. అందుకే సిటీలో అన్నిటికంటే నిగనిగలాడే గుంటగలగర అక్కడే కనిపిస్తుంది. ఆ నీళ్ళలో సీసం, క్రోమియం లాంటి లోహాలుంటే మొక్క వాటిని కూడా పీల్చుకుంటుంది. కడిగితే పైన మట్టి పోతుంది, లోపలికి వెళ్ళింది పోదు. పొలం గట్లమీద అయితే కలుపు మందు భయం. వరి రైతుకి ఇది కలుపే మరి, ఆయన మందు కొట్టక తప్పదు. కాబట్టి సరిగ్గా గుర్తుపట్టడం సగం పనే. మిగతా సగం, శుభ్రమైన మట్టిలో మనమే పెంచుకోవడం.

కుండీలో పెంచేదెట్లా?

ఇంత తేలికైన మొక్కని ఈ కాలమ్‌లో ఇంతవరకూ చెప్పలేదు.

కుండీ: లోతు కంటే వెడల్పు ముఖ్యం. 10, 12 అంగుళాల వెడల్పు, 6 నుంచి 8 అంగుళాల లోతు ఉన్న టబ్బు చాలు. పాత ప్లాస్టిక్ బేసిన్‌కి అడుగున నాలుగు బెజ్జాలు పెట్టినా సరే. పెయింట్ బకెట్లు మాత్రం వద్దు, లోపల ఏం అంటుకుని ఉందో తెలియదు.

మట్టి: రెండు పాళ్ళు తోటమట్టి, ఒక పాలు బాగా మాగిన పశువుల ఎరువు లేదా వర్మీ కంపోస్ట్. మట్టి బాగా జిగురుగా ఉంటే గుప్పెడు ఇసుక. తడి పట్టి ఉంచే మట్టి కావాలి.

కొమ్మతో: అన్నిటికంటే సులువు ఇదే. తెలిసిన రైతు అనుమతితో శుభ్రమైన చోటు నుంచి, మూడు నాలుగు కణుపులున్న జానెడు కొమ్మ తెచ్చుకోండి. అడుగు ఆకులు తీసేసి, రెండు కణుపులు మట్టిలోకి వెళ్ళేట్టు గుచ్చండి. వారం పది రోజులు నీడలో ఉంచి తడి ఆరకుండా చూడండి. కొత్త చిగురు వచ్చిందంటే వేళ్ళు పట్టినట్టే. నేను మాత్రం మొదటి కోతని వాడను, కంపోస్ట్‌లో వేసేస్తాను. మన మట్టిలో కొత్తగా పెరిగినదే వాడతాను.

గింజతో: ఎండి నల్లబడిన కాయల్ని అరచేతిలో నలిపితే గింజలు రాలతాయి. వాటిని తడి మట్టి మీద చల్లి చేత్తో మెల్లగా అదమండి. పైన మట్టి కప్పొద్దు. ఈ గింజ మొలవాలంటే వెలుగు తగలాలి. రోజూ స్ప్రేతో తడుపుతూ ఉంటే సుమారు వారం పది రోజుల్లో మొలకలు కనిపిస్తాయి.

ఎండ: పొద్దున నాలుగైదు గంటల ఎండ చాలు. ఏప్రిల్, మే నెలల్లో మన ఎండ సంగతి మీకు చెప్పక్కర్లేదు, మధ్యాహ్నం నీడలోకి జరపండి, లేదా షేడ్ నెట్ కింద పెట్టండి. మొదలుపెట్టడానికి మంచి కాలం అక్టోబరు నుంచి డిసెంబరు. మనకి వానలు గట్టిగా పడేది ఈశాన్య రుతుపవనాల్లోనే కదా, ఆ తేమకి ఇది పొంగిపోతుంది.

నీళ్ళు: మట్టి ఎప్పుడూ తడిగా ఉండాలి. మామూలుగా కుండీ కింద పళ్ళెంలో నీళ్ళు నిలవనివ్వొద్దని చెప్తాను, దీనికి మాత్రం నిలిచినా ఫర్వాలేదు. అయితే దోమలున్నాయి జాగ్రత్త! పళ్ళెంలో ఇసుక పోసి ఆ ఇసుకని తడిపి ఉంచండి. ఏసీ నుంచి కారే నీళ్ళు పట్టి పోసినా సరిపోతుంది.

తెగుళ్ళు: పెద్దగా రావు. చిగుళ్ళ మీద పేనుబంక కనిపిస్తే, లీటరు నీళ్ళలో 5 మిల్లీలీటర్ల వేపనూనె, రెండు చుక్కల సబ్బు ద్రవం కలిపి సాయంత్రం పూట స్ప్రే చెయ్యండి. ఆ తర్వాత వారం దాకా ఆకు కొయ్యకండి.

కోత: సుమారు రెండు నెలలకి మొక్క గుబురవుతుంది. మొదలు నుంచి రెండు అంగుళాలు వదిలి పైది కత్తెరతో కోసుకోండి. మళ్ళీ చిగురిస్తుంది. పూలు కొన్ని మాత్రమే గింజకి వదలండి. అన్నీ వదిలితే పక్క కుండీల్లో, మెట్ల సందుల్లో, పొరుగింటి మిద్దె మీద కూడా గుంటగలగరే!

తలకి రాసే ముందు

ఇంట్లో నూనె కాచేవాళ్ళకి మూడు మాటలు. ఆయుర్వేద పద్ధతిలో నూనెకి నాలుగు రెట్లు రసం పోసి, సన్నటి సెగ మీద నీరంతా ఇగిరేదాకా కాస్తారు. నీరు మిగిలితే నూనె పాడైపోతుంది, బూజు పడుతుంది. అయ్యిందో లేదో చూడటానికి, పక్కకి తీసిన కాస్త నూనెలో వత్తి ముంచి వెలిగించండి. చిటపటమంటే ఇంకా నీరున్నట్టు, నిశ్శబ్దంగా మండితే అయినట్టు. కాగే గిన్నె దగ్గర మాత్రం ఈ పని చెయ్యొద్దు.

రెండోది, ముందు మోచేతి లోపలి వైపు కాస్త రాసి రెండు రోజులు ఆగండి. చామంతి, బంతి పూలు కడితే చేతులు దురదపెట్టేవాళ్ళు మరీ జాగ్రత్త. ఇదీ ఆ కుటుంబమే కదా.

మూడోది, రసం తాగమని చెప్పే వీడియోలు చాలా ఉన్నాయి. తాగడం వేరు, తలకి రాయడం వేరు. వేరే మందులు వాడుతున్నవాళ్ళు, గర్భిణులు, లివర్ సమస్య ఉన్నవాళ్ళు డాక్టరుని అడగకుండా లోపలికి తీసుకోవద్దు.

ఇంతకీ జుట్టు పెరుగుతుందా?

సూటిగా చెప్పేస్తాను. 2008లో వచ్చిన ఒక పరిశోధనలో, ఈ మొక్క సారం రాసిన తెల్ల ఎలుకల్లో వెంట్రుకలు పెరిగే దశ త్వరగా మొదలైనట్టు చూశారు. ఆశపడటానికి అది మంచి కారణమే. కానీ ఎలుక వీపు వేరు, మన తల వేరు. 'నెల రోజుల్లో మోకాళ్ళ దాకా' అనేవాడి మాట నమ్మాల్సిన పనిలేదు.

రోజుకి 50 నుంచి 100 వెంట్రుకలు రాలడం ఎవరికైనా మామూలే. డెంగీ లాంటి గట్టి జ్వరం వచ్చి తగ్గిన రెండు మూడు నెలలకి జుట్టు కుచ్చులు కుచ్చులుగా రాలుతుంది, చాలామందిలో దానంతట అదే కుదురుకుంటుంది. రక్తహీనత, థైరాయిడ్, సరిగ్గా తినకపోవడం, పరీక్షల టెన్షన్ కూడా కారణాలే. ఐరన్ తక్కువై రాలే జుట్టుకి నూనె ఎంత రాసినా ఏం లాభం? గుండ్రంగా మచ్చలు పడినట్టు ఊడుతున్నా, ఒక్కసారిగా ఎక్కువైనా రక్తపరీక్ష చేయించుకోండి. ఆలస్యం చేసి కుండీ మీద నెపం వెయ్యకండి!

మరి పెంచడం దేనికి అంటారా? చవగ్గా, శుభ్రంగా, తలకి మీరే కాచుకున్న నూనె దొరుకుతుంది. వారానికోసారి అమ్మతోనో అవ్వతోనో తల మర్దన చేయించుకునే సాకు దొరుకుతుంది. అన్నిటికంటే ముఖ్యంగా, ఒక్క మొక్కని ఆకు, కాండం, పువ్వు, గింజ, రసం దాకా తెలుసుకున్న కన్ను మీకు వస్తుంది. ఆ కన్ను వచ్చాక ఇంకో పది మొక్కలు వాటంతట అవే కనిపించడం మొదలవుతాయి. 'తెల్లపూల మొక్క' అనే మాట మీ నోట ఇక రాదు.

పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదని సామెత. పేరు తెలియని పెరటి చెట్టు పనికిరాదన్నది నా సవరణ.

ఈ ఆదివారం ఓ పని చెయ్యండి. స్వర్ణముఖి వైపో, మీ ఊరి చెరువు కట్ట మీదికో ఓ అరగంట నడవండి. దొరికిందనుకున్న మొక్కలో నాలుగు ఆకులు నలిపి, చెయ్యి ఏ రంగు తిరుగుతుందో చూడండి. ఇంట్లో పెద్దవాళ్ళుంటే ఆ చెయ్యి వాళ్ళకి చూపించండి. కాటుక కథో, పచ్చబొట్టు కథో ఒకటి తప్పకుండా బయటికొస్తుంది.

వచ్చే వారం అలోవెరా. అదే, మన కలబంద. అందరిళ్ళల్లో ఉంటుంది, ఎక్కువమంది ఇళ్ళల్లో కుళ్ళిపోతుంది. ఎందుకో చెప్తాను. అప్పటిదాకా టబ్బు తడి ఆరనివ్వకండి.